పెట్టె ఖాళీ అని చూపించినా, అందులో నుండి పెద్ద వస్తువు తీస్తే ఆశ్చర్యం కలగడం లేదు: ఏం చేయాలి?

ప్రశ్న: తెనాలి ఉపాధ్యాయుడు

ఇంద్రజాల రంగంలో అనుభవం ఉన్న పెద్దలందరికీ నమస్కారం. నేను గుంటూరు జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. 8 సంవత్సరాలుగా బడుల వార్షికోత్సవాలలోనూ, చుట్టుపక్కల గ్రామాల వేడుకలలోనూ 25 నిమిషాల ప్రదర్శన ఇస్తున్నాను. తాడు, నాణేలు, పేకముక్కలు, ఉంగరాలు వంటి చిన్న అంశాలను పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు. మొత్తం ప్రదర్శనకు శిఖరంగా ఉండాలని చివర పెట్టుకున్న అంశం ఒక్కటే ప్రతిసారీ చప్పగా ముగుస్తోంది.

ఆ అంశం మీ అందరికీ తెలిసిన స్క్వేర్ సర్కిల్. ముందు వైపు జాలీ ఉన్న చతురస్రపు పెట్టెను, దానిలో నిలబెట్టిన గుండ్రటి గొట్టాన్ని ఒకదాని తరువాత ఒకటి పైకెత్తి, రెండూ ఖాళీ అని చూపించి, తిరిగి యథాస్థానంలో ఉంచి, పట్టు రుమాళ్లు, కాగితపు దండలు, స్ప్రింగు పువ్వులు తీస్తాను. ఆఖరుకు విచ్చుకుంటే దాదాపు మీటరు వెడల్పు వచ్చే పెద్ద పూలగుచ్ఛం తీస్తాను. చేతులు తడబడవు, లోపలి సరుకు ఎవరికీ కనిపించదు. అయినా గత నెలలో ఒక ఊళ్లో ప్రదర్శన ముగిశాక ఆరో తరగతి చదివే పాప నా దగ్గరకు వచ్చి, "సార్, అవన్నీ మీరు ముందే లోపల పెట్టుకున్నారు కదా" అంది. ఎలా పెట్టానో ఆ అమ్మాయికి తెలియదు. తెలుసుకోవాలన్న కోరిక కూడా ఆమెలో కనిపించలేదు. నన్ను బాధపెట్టింది ఆ రెండో విషయమే.

ఇంకా పెద్ద పెట్టె చేయించి, ఇంకా పెద్ద వస్తువు తీస్తే ఫలితం మారుతుందా? లేక నేను ఆలోచిస్తున్న తీరులోనే లోపం ఉందా? నా పరిస్థితి కూడా చెప్పాలి. నాకు ఒక్కడే సహాయకుడు, వాడు తొమ్మిదో తరగతి విద్యార్థి. సామానంతా ఒక ఆటోలో పట్టాలి. ఎక్కువగా షామియానా కింద వేసిన వేదికల మీదే ప్రదర్శన ఉంటుంది, పిల్లలు మూడు వైపులా కూర్చుంటారు.

సమాధానం: విజయవాడ, రంగస్థల ఇంద్రజాలికుడు

మాస్టారూ, ఆ పాప చెప్పిన మాటను మీరు నిరాశతో కాక శ్రద్ధతో వినాలని నా మనవి, ఎందుకంటే మన వృత్తిలో 30 ఏళ్లు గడిపిన వాళ్లు కూడా గుర్తించడానికి ఇష్టపడని విషయాన్ని ఆమె ఒక్క వాక్యంలో చెప్పేసింది. పెట్టెలో నుండి వస్తువు తీసినప్పుడు ప్రేక్షకుడి మనసులో పుట్టే ప్రశ్న "ఇది ఎక్కడి నుండి వచ్చింది?" అన్నది. దానికి జవాబు ఆ ప్రశ్న పక్కనే, రంగులు వేసుకుని, బల్ల మీద నిలబడి ఉంది: పెట్టె నుండి వచ్చింది. ఇక ఆమె ఆశ్చర్యపోవడానికి మిగిలింది ఏమిటి? మీరు పెద్ద పెట్టె చేయిస్తే ఆ జవాబు ఇంకా పెద్దదవుతుంది, అంతే.

నా అనుభవంలో పెద్ద వస్తువు ఆశ్చర్యం కలిగించాలంటే, అది బయటికి వచ్చే క్షణానికి "పెట్టె" అన్న జవాబు ప్రేక్షకుడి మనసులో చెల్లకుండా పోయి ఉండాలి. ఇందుకు నేను నమ్మేది రెండో లోడు, అంటే చాటుగా పెట్టెలోకి చేర్చే రెండో విడత సరుకు. మొదటి విడత సరుకంతా బయటికి వచ్చేశాక పెట్టె నిజంగానే ఖాళీ అవుతుంది. అప్పుడు మీరు దానిని పక్కకు వంచవచ్చు, లోపల చెయ్యి పెట్టి తిప్పవచ్చు, ముందు వరుసలోని పిల్లవాడి చేతికి గొట్టాన్ని ఇవ్వనూ వచ్చు. ప్రేక్షకులు చప్పట్లు కొడతారు, అంశం అయిపోయిందని అనుకుంటారు, చూపు సడలుతుంది. బల్ల మీద పోగుపడ్డ రుమాళ్లను మీరు రెండు చేతులతో ఎత్తి, సర్దేస్తున్నట్టుగా పెట్టెలో వేస్తారు. బల్ల వెనుక అరలో సిద్ధంగా ఉన్న పెద్ద సరుకు ఆ గుడ్డల పోగు చాటునే పెట్టెలోకి చేరుతుంది. ఇది కొత్త రహస్యం కాదు, పాత పాఠ్యపుస్తకాలన్నింటిలోనూ ఉన్నదే కనుక ఇక్కడ రాయడానికి సంకోచించడం లేదు. ఇప్పటి తయారీదారుల పరికరాల లోగుట్టును మాత్రం ఎవరూ బహిరంగంగా రాయకూడదని నా అభిప్రాయం.

అలా రెండోసారి వచ్చేది మెత్తని వస్తువు కాకూడదు. పట్టుగుడ్డ నలిగితే గుప్పెట్లో పడుతుందని, కాగితపు దండ మడతపడుతుందని, గుచ్ఛం గొడుగులా ముడుచుకుంటుందని పిల్లలకు తెలుసు. ఇత్తడి బిందె ముడుచుకోదని కూడా వాళ్లకు తెలుసు. అందువల్ల మీటరు వెడల్పు పూలగుచ్ఛం కంటే జానెడున్నర ఎత్తు బిందె చాలా పెద్దదిగా కనిపిస్తుంది. మనం టేపుతో కొలిచే పరిమాణం వేరు, ప్రేక్షకుడు మనసులో కొలిచే పరిమాణం వేరు.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను, మీకు ఉపయోగపడుతుంది. తొలినాళ్లలో ఒక ఎగ్జిబిషన్ వేదిక మీద 4 లీటర్ల నీళ్లు నింపిన బిందెను ఇలాగే రెండో లోడుగా తీయాలనుకున్నాను. ఇంట్లో ఖాళీ బిందెతో సాధన చేశాను. వేదిక మీద రుమాళ్ల పోగు ఎత్తేసరికి నీళ్లతో కలిపి ఐదారు కిలోల బరువు నా మోచేతులను కిందికి లాగింది. గుడ్డల పోగుకు అంత బరువు ఎందుకు ఉంటుందని ముందు వరుసలో ఎవరో పైకే అడిగారు. పైగా మూతి మీద కట్టిన రబ్బరు పొర ఒక పక్క జారి, నీళ్లు రుమాళ్ల అంచు నుండి కారసాగాయి. ఆ రాత్రి మా గురువుగారు ఒక్క మాట కూడా అనలేదు. మర్నాడు ఉదయం బిందెలో ఇసుక నింపి నా ముందు పెట్టి, ఖాళీ గుడ్డల పోగును ఎత్తినంత తేలికగా దీనిని ఎత్తగలిగే వరకు వేదిక ఎక్కవద్దన్నారు. నాకు 4 నెలలు పట్టింది.

ఇంకొక్క విషయం. "చూడండి, పెట్టె ఖాళీగా ఉంది" అని నోటితో అనకండి. ఆ మాట మీరు అనే వరకు అది ఖాళీ కాదేమోనన్న అనుమానం ఎవరికీ రాదు. ఖాళీతనాన్ని పనిలో చూపించండి: గొట్టంలో నుండి పిల్లల వైపు చూడండి, ఆ గొట్టాన్నే దుర్భిణిలా పట్టుకుని ఎవరినైనా పేరుపెట్టి పిలవండి.

సమాధానం: డాలస్ నుండి, పాత ఇంద్రజాల చరిత్ర చదువుకునే అభిరుచి గలవాడిని

పై సమాధానంలోని మూలసూత్రాన్ని నేను పూర్తిగా అంగీకరిస్తున్నాను. ఆ సూత్రాన్ని ఆచరించి చూపించిన ఇద్దరు ముగ్గురు పూర్వుల గురించి చెబితే ఉపాధ్యాయులవారికి తమ అంశాన్ని తిరిగి కట్టుకోవడానికి దారి దొరుకుతుందని అనుకుంటున్నాను.

మొదటివాడు ఫ్రాన్సు దేశస్థుడు జాఁ యూజీన్ రాబేర్-ఊదాఁ. వృత్తి రీత్యా గడియారాలు చేసేవాడు. 1845 జూలై 3న పారిస్ నగరంలోని పాలే రాయాల్‌లో సొంత రంగస్థలం తెరిచాడు. ఆయన అంశాలలో ఒకటి చిత్రకారుల అట్టసంచి. బొమ్మలు గీసుకునే కాగితాలు దాచుకోవడానికి రెండు అట్టలను ఒక అంచున కలిపి చేసిన మామూలు సంచి అది, మందం సుమారు ఒక సెంటీమీటరు. దానిని చంకలో పెట్టుకుని వచ్చి, సన్నని కాళ్ల మీద నిలిచిన పీట మీద ఉంచి, మొదట ముద్రణ చిత్రాలు తీసేవాడు. ఇందులో వింత లేదు, అట్టసంచిలో ఉండవలసినవి అవే. తరువాత రిబ్బన్లూ ఈకలూ చెక్కుచెదరని ఆడవాళ్ల టోపీలు రెండు వచ్చేవి. తరువాత ప్రాణమున్న గువ్వలు నాలుగు. ఆ వెనుక మూడు పెద్ద లోహపు గిన్నెలు: ఒకదాని నిండా చిక్కుడు గింజలు, ఒకదానిలో మండుతున్న నిప్పు, ఒకదానిలో మరుగుతున్న నీళ్లు. ఆ తరువాత కమ్మీల మీద గెంతే పక్షులతో నిండిన పెద్ద పంజరం. ఇంతటితో అయిపోయిందని సంచి మూసేశాక, దానిలో నుండి ఆయన చిన్న కొడుకు తల పైకెత్తేవాడు.

ఈ వరుసను నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, చదివిన ప్రతిసారీ దానిలోని ఆలోచనకు తల వంచాలనిపిస్తుంది. ముందు సంచికి తగిన వస్తువు, పిదప నలగకుండా దానిలో ఇమడలేని వస్తువు, పిదప ప్రాణమున్నది, పిదప బరువైనది, కాలేది, ఒలికేది, చివరికి మనిషి. ప్రేక్షకుడు "ఇవి మడతపెట్టినవి" అని సర్దుకునే లోపు పక్షి ఎగురుతుంది. "పక్షులు చిన్నవి" అని సర్దుకునే లోపు నిప్పు కనిపిస్తుంది. ప్రతి వస్తువూ దానికి ముందున్న వస్తువుకు ప్రేక్షకుడు చెప్పుకున్న సమాధానాన్ని కొట్టిపారేస్తుంది. కేవలం పరిమాణం పెంచుకుంటూ పోయి ఉంటే ఈ అంశానికి నూట డెబ్బై ఏళ్ల ఆయుష్షు దక్కేది కాదు. సెంటీమీటరు మందం గల సంచి కనుక విజయవాడ వారు చెప్పిన "పెట్టె" అన్న జవాబుకు మొదటి నుండీ చోటే లేదు.

రెండోవాడు చింగ్ లింగ్ ఫూ అన్న పేరుతో ప్రసిద్ధుడైన చైనా ఇంద్రజాలికుడు. 1898లో అమెరికాలోని ఒమాహా నగరంలో జరిగిన పెద్ద ప్రదర్శనకు వచ్చి ఇక్కడి వారిని విస్మయపరిచాడు. ఆయన పెట్టెనే తీసిపారేశాడు. ఒక బట్టను రెండు వైపులా తిప్పి చూపించి, నేల మీద పరిచి, ఎత్తితే నీళ్లతో నిండిన పెద్ద తొట్టి కనిపించేది. అది చైనా సంప్రదాయ దుస్తుల కింద, కాళ్ల మధ్య వేలాడుతూ వేదిక మీదకు వచ్చేదని ఇంద్రజాల చరిత్ర చదివినవారందరికీ తెలిసిందే. రహస్యం తెలిసిన తరువాత కూడా నాకు గౌరవం పెరిగిందే తప్ప తగ్గలేదు. 45 సెంటీమీటర్ల వ్యాసం, 15 సెంటీమీటర్ల లోతు ఉన్న తొట్టి అనుకుంటే దానిలో పట్టే నీళ్లు దాదాపు 24 లీటర్లు, అంటే 24 కిలోలు. అంతటి బరువును కాళ్ల మధ్య మోస్తూ ఏమీ మోయనట్టు నడవడం అంటే ఏమిటో, ఇసుక బిందెతో 4 నెలలు గడిపిన వారికి వివరించనక్కరలేదు. ఆయన వైభవాన్ని చూసి విలియం రాబిన్సన్ అనే అమెరికన్ చుంగ్ లింగ్ సూ అని పేరు పెట్టుకుని చైనీయుడిలా జీవితాంతం వేదికనెక్కాడు. 1918లో లండన్‌లో తూటాను పట్టుకునే అంశంలో గాయపడి మరణించాడు.

మూడో దారి మన వీధులలోనే ఉంది. మామిడి టెంకను మట్టిలో నాటి, గుడ్డ కప్పి, తీసినప్పుడల్లా మొక్క ఇంకొంచెం ఎదిగి, చివరికి కాయలతో కనిపించే గారడీని మన తాతల తరం వారు ఊరి మధ్యలో చూశారు. ఇందులో ఆశ్చర్యం వస్తువు పెద్దది కావడంలో లేదు, సంవత్సరాలు పట్టే పని నిమిషాలలో జరగడంలో ఉంది. గారడీవాడు మధ్యమధ్య డోలు వాయించి వేరే అంశాలు చూపిస్తూ ఆ గుడ్డను అందరూ మరిచిపోయేలా చేసేవాడు. ఇదే ఉపాయాన్ని బెంగాలీ ఇంద్రజాలికుడు పి.సి. సర్కార్ మరో రూపంలో వాడుకున్నారు. ఆయన ప్రదర్శనలో వాటర్ ఆఫ్ ఇండియా అనే నీళ్ల పాత్ర ఉండేది. నీళ్లన్నీ ఒంపేసి పక్కన పెట్టేవారు, కాసేపటికి మళ్లీ వచ్చి ఒంపితే మళ్లీ నీళ్లు. అంశానికీ అంశానికీ మధ్య అలా సాగుతూనే ఉండేది. మన తెలుగు నేల మీద విప్రవినోదులు అనే ఇంద్రజాలికుల సంప్రదాయం కూడా ఉండేది, విజయనగర కాలపు శాసనాలలో వారి ప్రస్తావన కనిపిస్తుంది. ఇది ప్రశ్నకు కొంచెం పక్కనున్న సంగతే అయినా, ఈ కళను పరాయిదిగా భావించే మనవాళ్లకు గుర్తు చేయాలనిపించింది.

సమాధానం: కాకినాడ, ప్రాపులు (ప్రదర్శన సామాను) తయారుచేసే వడ్రంగి

అందరికీ నమస్కారం. నేను వేదిక ఎక్కినవాడిని కాను, వేదిక ఎక్కేవాళ్లకు సామాను చేసి ఇచ్చేవాడిని. అందుకే ఒక విషయంలో విజయవాడ గురువుగారితో కొంత విభేదిస్తున్నాను, క్షమించాలి. పెద్ద పెట్టె ఎప్పుడూ తప్పు అని నేను అనను. పెద్దదైనా పలచగా కనిపించేలా చేయగలిగితే అది ప్రేక్షకుడి లెక్కలోకి రాదు. బల్లపలకనే చూడండి. 8 సెంటీమీటర్ల మందం ఉన్న పలకకు ముందు అంచు దగ్గర కింది భాగాన్ని లోపలికి ఏటవాలుగా చెక్కి, పై 2 సెంటీమీటర్లకు లేత రంగు, కింది ఏటవాలుకు నల్ల రంగు వేస్తే, కూర్చున్నవారి కళ్లకు ఆ 2 సెంటీమీటర్లే పలక మందంగా కనిపిస్తాయి. లోపల మిగిలిన చోటును ఎవరూ అనుమానించరు, ఎందుకంటే బల్లను ఎవరూ ప్రాపుగా చూడరు.

మాస్టారు అద్దాల పెట్టె గురించి అడగలేదు కానీ, పెద్ద వస్తువులు అనగానే చాలామంది దాని వైపే వెళ్తారు కనుక చెబుతున్నాను. 1865లో లండన్‌లోని ఈజిప్షియన్ హాల్‌లో స్టోడేర్ అనే ఇంద్రజాలికుడు బల్ల కాళ్ల మధ్య 45 డిగ్రీల కోణంలో అద్దాలు పెట్టి, మొండెం లేని తల మాట్లాడుతున్నట్టు చూపించాడు. అప్పటి నుండి ఆ కిటుకు ఎన్నో రూపాలు ధరించింది. 60 సెంటీమీటర్ల ఘనాకార పెట్టెలో మూల నుండి మూలకు అద్దం నిలబెడితే, పక్క గోడ ప్రతిబింబం వెనుక గోడలా కనిపిస్తుంది, మొత్తం 216 లీటర్ల చోటులో సగం, అంటే 108 లీటర్లు అద్దం వెనుక దాగిపోతాయి. లెక్కలో ఇది అద్భుతమే. కానీ మీ పిల్లలు మూడు వైపులా కూర్చుంటారని రాశారు. పక్క నుండి చూసేవాడికి అద్దం అంచు గీతలా కనిపిస్తుంది, ముందు వరుసలోని ఎర్ర చొక్కా లోపల ప్రతిఫలిస్తుంది, ఒక్క వేలిముద్ర పడినా గాలిలో మరకలా వేలాడుతుంది. ఆటోలో గతుకుల దారిన తీసుకెళ్లే సామానులో అద్దం ఉండనే కూడదు. మీకు అద్దాల పెట్టె అమ్మడానికి ఎవరైనా వస్తే తీసుకోకండి.

మీ స్క్వేర్ సర్కిల్ గురించి కూడా ఒక హెచ్చరిక. దాని బలమంతా నల్ల మఖమలులో ఉంది. నలుపు ముందు నలుపు కనిపించదన్న సూత్రం హాలు లోపల, ఎదురుగా కూర్చున్నవారికి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. షామియానా పక్క నుండి మధ్యాహ్నపు ఎండ ఏటవాలుగా పడితే ఆ నలుపు బూడిదరంగులోకి తిరుగుతుంది, సరుకు దాచిన లోపలి నల్ల గొట్టం గుండ్రదనం తెలిసిపోతుంది. ఆ పాప నిజంగా ఏమీ చూడలేదనే నమ్మకంతో ఉండకండి. ఎండ పడే వైపు జాలీని ఎప్పుడూ తిప్పవద్దు. మఖమలు మీద నూగు, దుమ్ము ప్రతి ప్రదర్శనకు ముందూ తడి గుడ్డతో కాక పొడి బ్రష్షుతో తీయండి.

మడతపడే సరుకు మీద మాత్రం మీరు చిన్నచూపు చూడనక్కరలేదు, అది ఆరంభానికి పునాది. మీరు భౌతికశాస్త్రం మాస్టారు కనుక ఈ లెక్క మీకు నచ్చుతుంది: 0.05 మిల్లీమీటర్ల మందం గల కాగితపు రిబ్బనును గట్టిగా చుట్టి 4 సెంటీమీటర్ల వ్యాసం గల చుట్ట చేస్తే, దాని పొడవు సుమారు 25 మీటర్లు వస్తుంది. గుప్పెట్లో దాగే చుట్ట నుండి వేదిక ఈ కొస నుండి ఆ కొసకు రెండుమూడు సార్లు పరిచే దండ వస్తుందన్నమాట. స్ప్రింగు పువ్వులు కూడా అంతే. వాటిని కనిపెట్టినవాడిగా పేరుపొందిన ఫ్రెంచి ఇంద్రజాలికుడు బువాటియే ద కోల్టా ప్రదర్శనలో ఒకసారి గాలికి కొన్ని పువ్వులు ప్రేక్షకుల వైపు కొట్టుకుపోయి, అలా రహస్యం బయటపడిందని మా వృత్తిలో చెప్పుకుంటారు. ఆరుబయట ప్రదర్శించే మీరు ఆ కథను గుర్తుపెట్టుకుని పువ్వులకు అడుగున సన్నని దారం కట్టండి.

ప్రశ్న అడిగిన తెనాలి ఉపాధ్యాయుడు

మీ ముగ్గురికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. రెండు రోజులుగా మీ సమాధానాలను మళ్లీ మళ్లీ చదువుతున్నాను. 25 మీటర్ల లెక్కను తొమ్మిదో తరగతి పిల్లల చేత కూడా చేయించాను, సరిగ్గా వచ్చింది.

నా కొత్త ఆలోచన ఇది. స్క్వేర్ సర్కిల్‌ను ఆరంభానికి తెచ్చి, రుమాళ్ల వరకే వాడి తీసేస్తాను. చివర బల్ల మీద పెట్టె బదులు మా బడి పిల్లలు బొమ్మలు దాచుకునే పెద్ద డ్రాయింగు ఫోల్డరు ఉంటుంది. ముందుగా దానిలో నుండి పిల్లలు నిజంగా గీసిన బొమ్మలు తీసి, గీసినవారి పేర్లు చదువుతాను. ఒక బొమ్మలో పూలు ఉంటే పూలు, ఒక బొమ్మలో దీపం ఉంటే మడతపడే కాగితపు ఆకాశదీపం వస్తాయి. తరువాత బిందె ఉన్న బొమ్మ, దాని వెనుక నిజమైన ఇత్తడి బిందె. బొమ్మలో ఉన్నదే బయటికి వస్తుంది కనుక "ముందే లోపల పెట్టారు" అన్న మాటకు బదులు పిల్లల ఆలోచన బొమ్మ చుట్టూ తిరుగుతుందని ఆశ. ముగింపులో రాబేర్-ఊదాఁ కొడుకు లాగా ఒక చిన్న పిల్లవాడిని చూపించాలని మనసు లాగుతోంది. అది కుదరకపోతే ఒక కుందేలునో చిలుకనో తీయవచ్చా? బిందె విషయంలో 4 నెలలు సాధన చేయడానికి సిద్ధంగా ఉన్నాను.

సమాధానం: విజయవాడ, రంగస్థల ఇంద్రజాలికుడు

మాస్టారూ, బొమ్మలతో ముడిపెట్టడం నాకు తట్టని ఆలోచన, చాలా సంతోషం కలిగింది. పేర్లు చదివే పని అస్సలు తగ్గించకండి. తమ పేరు విన్న పిల్లవాడి చుట్టూ ఉన్న పదిమంది వాడి వైపు తిరుగుతారు, ఆ రెండు క్షణాలు మీవి. కాకినాడ వడ్రంగిగారు చెప్పిన బల్లను ఆయన చేతనే చేయించుకోండి, పెద్ద పెట్టె విషయంలో ఆయన చెప్పిన సవరణను నేను అంగీకరిస్తున్నాను.

చిలుకను మరిచిపోండి. మన చిలుకలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి, పంజరంలో ఉంచడమే నేరం. ఇతర జంతువులను ప్రదర్శనలో వాడాలన్నా 2001 నాటి నిబంధనల ప్రకారం ముందుగా నమోదు చేయించుకోవాలి. చట్టం సంగతి పక్కన పెట్టినా, మే నెల షామియానా కింద ఇరుకైన చీకటి అరలో కుందేలు ఎంతసేపు బతికి బట్టకడుతుందో ఎవరూ చెప్పలేరు, నేను చెప్పే ధైర్యం చేయను. నిప్పు కూడా వద్దు, షామియానా గుడ్డ అంటుకోవడానికి క్షణం చాలు.

పిల్లవాడిని చూపించే అంశం ఈ ఏడాది పెట్టుకోకండి. అందుకు కారణం మీ నైపుణ్యం మీద అనుమానం కాదు. మనిషిని దాచే ప్రాపు ఏదైనా గాలి ఆడేలా ఉండాలి, గొళ్లెం లోపలి నుండి తెరుచుకునేలా ఉండాలి, లోపలున్నవారు భయపడితే అంశాన్ని అక్కడికక్కడే ఆపేసేందుకు ఒక సంకేతం ముందే నిర్ణయించి ఉండాలి, వేదిక వెనుక ఆ ఒక్క పనికే ఒక పెద్దవారు నిలబడి ఉండాలి. మీకున్న ఒక్క సహాయకుడూ పిల్లవాడే. తల్లిదండ్రులు ఒప్పుకున్నా మీరు ఒప్పుకోకూడదు.

బిందెయే మీ ముగింపు. కూర్చోబెట్టే తీరు ఒక్కటి మార్చండి: ప్రదర్శనకు అరగంట ముందు వెళ్లి, వేదికకు రెండు పక్కలా ఉన్న చాపలను ముందు వరుసల కొసలకు జరిపించండి, ప్రధానోపాధ్యాయులను అడిగితే కాదనరు. బిందె బయటికి వచ్చాక వెంటనే వంగి నమస్కారం పెట్టకండి, చప్పట్లను కూడా ఆగనివ్వండి. దానిలో నీళ్లున్నాయని ఎవరికీ తెలియదు, మీరు చెప్పకండి కూడా. చొక్కాకు తగిలించుకున్న మైకును తీసి బల్ల మీద, ఖాళీ ఇత్తడి గంగాళం పక్కన పెట్టి, బిందెను నెమ్మదిగా వంచండి. ఇత్తడి మీద నీళ్లు పడే చప్పుడు ఆఖరి చాప వరకు వినబడాలి. నాలుగు లీటర్లూ ఒంపడానికి సుమారు 20 సెకన్లు పడుతుంది, తొందరపడకండి.